రిజిస్టర్‌లో పై వరుస

2011. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక గల్లీలో, మెస్‌కీ జిరాక్స్ షాపుకీ మధ్య నాకొక నెట్ సెంటర్ ఉండేది. పదకొండు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, ఒక స్కానర్, కరెంటు పోతే నలభై నిమిషాలు ఆగే యూపీఎస్. బీటెక్ కంప్యూటర్స్ పూర్తయి ఏడాదిన్నర. ఉద్యోగం వచ్చేదాకా అని మొదలుపెట్టాను.

బస్సులు లేవు. స్కూళ్ళు లేవు. కోచింగ్ సెంటర్ల గేట్లకు తాళాలు. బొగ్గు గనులు ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలియదు. గల్లీలో అందరం షట్టర్ సగం దించి నడిపేవాళ్ళం. రోడ్డు మీద అరుపు వినిపిస్తే మిగతా సగం దించాలి. స్క్రీన్ చూస్తూ కూర్చున్నా చెవి మాత్రం బయటే ఉండేది. ఆ నెలంతా నేను ఒక్క పని కూడా పూర్తి ధ్యాసతో చేసినట్టు గుర్తు లేదు.

ఇప్పుడు నేను ఒక కంపెనీలో జనం అకౌంట్ల భద్రత చూసే పనిలో ఉన్నాను. అకౌంట్ ఎలా పోతుంది, ఎలా కాపాడుకోవాలి అని ఎవరడిగినా నాకు గుర్తొచ్చేది ఈ ఆఫీసులో చూసిన కేసులు కావు. ఆ గల్లీలో, ఆ సమ్మెలో వచ్చిన ఒకే ఒక్క కేసు. దాన్ని చెప్పాలంటే ముందు నాకప్పట్లో ఉన్న రెండు అలవాట్ల గురించి చెప్పాలి.

మొదటిది రిజిస్టర్. పోలీసుల నిబంధన ప్రకారం నెట్ సెంటర్‌కి వచ్చిన ప్రతి మనిషీ అందులో రాయాలి. పేరు, ఫోన్ నంబర్, గుర్తింపు కార్డు, సిస్టమ్ నంబర్, వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, సంతకం. మొత్తం ఏడు గడులు. చాలా సెంటర్లలో యజమానే వారానికోసారి కూర్చుని నోటికొచ్చిన పేర్లు నింపేసేవాడు. నేనలా చెయ్యలేదు. స్కేలుతో గీతలు కొట్టి, పెన్నును తాడుతో కౌంటర్‌కి కట్టి, ఎవరి వరుస వాళ్ళతోనే రాయించేవాణ్ణి. ఒకసారి తనిఖీకి వచ్చిన కానిస్టేబుల్ పేజీలు తిప్పి, "రిజిస్టరంటే గిట్లుండాలె" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు తీపిగా ఉంది.

రెండోది ఐడీలు తెరవడం. గ్రూప్స్ కానీ, డీఎస్సీ కానీ, ఏ పరీక్షకు అప్లికేషన్ పెట్టాలన్నా మెయిల్ ఐడీ కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళూ, గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళూ చుట్టుపక్కల రూముల్లో ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఐడీ ఉండేది కాదు. కీబోర్డ్ వాళ్ళకిస్తే అరగంట. నేనైతే నాలుగు నిమిషాలు. అందుకని నేనే తెరిచేసేవాణ్ణి. పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్ళీ నా దగ్గరికే వస్తారు కాబట్టి దానికొక సూత్రం పెట్టుకున్నాను: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు. అందరికీ ఇదే. "ఇది మీరు జన్మలో మర్చిపోలేరు" అని నవ్వుతూ చెప్పేవాణ్ణి.

ఐడీ తెరిచేటప్పుడు రికవరీ మెయిల్ అని ఒక గడి వస్తుంది. పాస్‌వర్డ్ పోతే కొత్తది పెట్టుకునే లింక్ పంపడానికి మనమిచ్చే రెండో చిరునామా అది. మొదటిదే లేనివాళ్ళకు రెండోది ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడ నా సెంటర్ మెయిల్ ఇచ్చేవాణ్ణి. మొబైల్ నంబర్ గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి, పనికిరాని ఫోన్లొస్తాయని. ఆ తర్వాత చాలామంది అప్పట్లో అందరూ చేరుతున్న సోషల్ నెట్‌వర్క్ సైటులో కూడా ప్రొఫైల్ తెరవమనేవాళ్ళు. ఆ మెయిల్‌తోనే తెరిచి, దానికీ అదే పాస్‌వర్డ్ పెట్టేవాణ్ణి.

దేనికది చూస్తే రెండు అలవాట్లూ మంచివే. రెండింటినీ పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ చూడలేదు.

ఒక బుధవారం ఉదయం పది గంటలకు భిక్షపతి షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చాడు. వెనకే నర్సింహ. ఇద్దరిదీ నల్లగొండ జిల్లా. కర్మన్‌ఘాట్‌లో ఒకే రూము కిరాయికి తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నారు. మా ప్రాంతంలో నిరుద్యోగుల కమిటీ ఒకటుండేది, భిక్షపతి దానికి కార్యదర్శి. రేపు ధర్నా ఎక్కడ, ర్యాలీ ఎన్ని గంటలకు అన్నది రోజూ సాయంత్రం నా సెంటర్‌కొచ్చి తన ప్రొఫైల్‌లో పెట్టేవాడు. దాన్ని చూసినవాడు చూడనివాళ్ళకు మెసేజ్ కొట్టేవాడు. అలా ఒక్క పూటలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా మాట చేరిపోయేది.

మామూలుగా రాగానే "తమ్మీ, మీ ఆంధ్ర కరెంటు ఒచ్చిందా, మా తెలంగాణ కరెంటు ఒచ్చిందా" అని ఏదో ఒకటి అనేవాడు. మా నాన్నది తెనాలి. ఉద్యోగం మీద వచ్చి ఎల్‌బీనగర్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టింది ఇక్కడే అయినా నోరు విప్పితే మా ఇంటి మాటే వచ్చేది. భిక్షపతి దాని మీద రోజూ ఒక జోకు వేసేవాడు. ఆ రోజు వెయ్యలేదు. కుర్చీ లాగితే కూర్చోలేదు కూడా.

"తమ్మీ, నా అకౌంట్ల ఎవడో జొరబడ్డడు."

"జొరబడ్డడో, నువ్వే తలుపు తీసినవో. అది తేల్చెతందుకే ఒచ్చినం" అన్నాడు నర్సింహ. నవ్వుతూ అన్న మాట కాదది.

జరిగింది ఇదీ. మంగళవారం ఎల్‌బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం అన్నమాట. మూడొందల మందికి సరిపడా బియ్యం, పప్పు, కర్మన్‌ఘాట్‌లో ఒక ఫంక్షన్ హాల్ వాళ్ళిచ్చిన పెద్ద వంటపాత్రలు, డేగిసాలు. సోమవారం సాయంత్రం భిక్షపతి నా దగ్గరికొచ్చి ఆ వివరాలు ప్రొఫైల్‌లో పెట్టి, డేగిసాలు ఆటోకెక్కించడానికి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిన గంటకు అదే ప్రొఫైల్‌లో ఇంకో మాట పడింది: రేపటి వంటావార్పు రద్దు, పెద్దలతో మాట్లాడినం, మనకు కావల్సింది అయితది, ఎవరూ రావద్దు.

మంగళవారం చౌరస్తాకు ముప్పై మంది కూడా రాలేదు. అన్నం ఉడికి, గంజి వార్చి, తినేవాళ్ళ కోసం చూస్తూ నిలబడ్డారు. పోలీసులొచ్చి పది నిమిషాల్లో పొయ్యిలు ఆర్పేశారు. ముప్పై మందిని పక్కకు జరపడం ఎంత పని. మధ్యాహ్నానికి అందరి నోటా ఒకటే మాట, భిక్షపతి అమ్ముడుపోయిండు. అతను ప్రొఫైల్ తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంది. ఆ రోజు బంద్ కాబట్టి నా షట్టర్ పూర్తిగా మూసి ఉంది.

"సోమవారం ఆరున్నరకు నేను మా కమిటీ పెద్ద రంగయ్య సార్‌తోని డేగిసాలు మోస్తున్న. సార్ కూడ చెప్పిండు" అన్నాడు భిక్షపతి.

"నువ్వు మోసినవ్, కాదన్లే. నీ పాస్‌వర్డ్ ఇంకొకనికి ఎట్ల తెల్సింది? నువ్వు చెప్పకుంటే?" అన్నాడు నర్సింహ.

అదీ అసలు ఆరోపణ. ఆ సమయంలో అతనెక్కడున్నాడో రుజువు చేస్తే సరిపోదు. అతను చెప్పకుండా ఇంకొకరికి పాస్‌వర్డ్ ఎలా తెలుస్తుందో చూపించాలి. సాయంత్రం ఐదింటికి కర్మన్‌ఘాట్‌లో కమిటీ మీటింగ్. అక్కడ చూపించలేకపోతే కార్యదర్శి పదవి పోతుంది. భిక్షపతి బాధ దాని గురించి కాదు. వాళ్ళ నాన్న బస్సు కండక్టర్, సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. "నా పదవి పోతే పోనీ తమ్మీ. కొడుకు పైసలు తీసుకున్నడని ఊళ్ళె అంటే మా నాయిన డిపో కాడ ఎట్ల కూసుంటడు?"

పని మొదలుపెట్టాను. ప్రొఫైల్ పాస్‌వర్డ్ మార్చేశారు. సరే, మెయిల్ తెరుద్దామంటే దాని పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. సోషల్ అకౌంట్ కిటికీలాంటిది, మెయిల్ ఇంటి తలుపు. మెయిల్ చేతికొస్తే మిగతావన్నీ దాన్నుంచే మార్చుకోవచ్చు. అందుకే దొంగ మొదట తలుపు దగ్గరికే వెళ్ళాడు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అన్నది నొక్కితే రికవరీ మెయిల్‌కి లింక్ పంపానంది. పక్క విండోలో నా సెంటర్ మెయిల్ తెరిచాను. లింక్ వచ్చింది. నొక్కి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, మెయిల్‌లోకి, అక్కణ్ణుంచి ప్రొఫైల్‌లోకి వెళ్ళిపోయాను. ఆరు నిమిషాలు పట్టింది. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

నర్సింహ నా భుజం మీద నుంచి చూస్తున్నాడు. "జర ఆగు. ఆని అకౌంట్ లింకు నీ మెయిల్‌కు ఎందుకొచ్చింది?"

"ఐడీ తెరిచినప్పుడు నాదే ఇచ్చాను. సౌకర్యం కోసం."

"ఎవలి సౌకర్యం?"

మెయిల్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది, ఈ అకౌంట్‌ని ఈమధ్య ఎప్పుడెప్పుడు, ఎక్కణ్ణుంచి తెరిచారో. అది తెరిచాను. సోమవారం సాయంత్రం 6:36, పక్కన ఐపీ అడ్రస్. ఐపీ అడ్రస్ అంటే నెట్ కనెక్షన్‌కి ఇంటి నంబర్‌లాంటిది. నాది ఎప్పుడూ మారని ఐపీ, కావాలని అడిగి తీసుకున్నది. నా బండి నంబర్ కంటే బాగా గుర్తు.

స్క్రీన్ మీద ఉన్నది నా నంబర్.

వెనకున్న ఇద్దరికీ అవి ఉత్త అంకెలు. నేను ఆ విండో మూసేసి, ఏ సిస్టమ్ ఎవరు ఎంతసేపు వాడారో లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్ తెరిచాను. సోమవారం, ఏడో నంబర్ సిస్టమ్, 6:32 నుంచి 6:50. రిజిస్టర్ లాక్కుని ఆ పేజీ తీశాను. ఏడో నంబర్ వరుసలో ఇంటిపేరు లేని శ్రీనివాస్, తొమ్మిది అంకెలే ఉన్న ఫోన్ నంబర్. ఆ టైమ్‌లో కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతుంటే నేను వెనక గదిలో బ్యాటరీల దగ్గరున్నాను. మనిషి మొహం చూడలేదు. సమ్మె కాబట్టి అంతకుముందు గంటలో వేరే ఎవరూ రాలేదు. ఆ వరుసకు సరిగ్గా పై వరుస భిక్షపతిది. గుండ్రటి చేతిరాతతో పూర్తి పేరు, పది అంకెల ఫోన్ నంబర్.

ఆ శ్రీనివాస్ ఎవరైనా కానివ్వండి, ఐడీ మాత్రం నా దగ్గరే తెరిపించుకుని ఉంటాడు. తన పాస్‌వర్డ్ ఎలా కూర్చానో అతనికి తెలుసు. సంతకం పెట్టడానికి వంగినప్పుడు పై వరుస చదివాడు. మెయిల్ ఐడీ ప్రొఫైల్‌లోనే ఉంది. ఇంకేం కావాలి? హ్యాకింగ్ అంటే మేము కాలేజీలో చదివిన ఏ పద్ధతీ ఇక్కడ అవసరం పడలేదు. నేను రాసిన సూత్రం, నేను గీసిన గడులు. వాటితోనే పని అయిపోయింది.

"ఏమన్న దొరికిందా తమ్మీ?" అన్నాడు భిక్షపతి.

"ఇంకా చూడాలి. ఐదింటికి మీటింగ్‌కి వచ్చి చెప్తాను" అన్నాను. వాళ్ళు వెళ్ళాక షట్టర్ పూర్తిగా దించేశాను.

నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాను. ఆ రోజు ఆటోలు కూడా లేవు. చైతన్యపురి దాటేసరికి నాకు మూడు దారులు కనిపించాయి. ఒకటి, ఏమీ తెలియలేదని చెప్పడం. రెండు, ఎవడో బయటి హ్యాకర్ పని అని చెప్పి, వాళ్ళకు అర్థం కాని నాలుగు ఇంగ్లిష్ మాటలు వాడటం. వాళ్ళు నమ్మచ్చు కూడా. మూడు, ఉన్నది చెప్పడం. మూడోది చెప్తే ఎలా వినిపిస్తుందో నాకు బాగా తెలుసు: ఆంధ్రావాడు నెట్ సెంటర్ పెట్టుకుని మన పిల్లలందరి పాస్‌వర్డ్‌లూ తన చేతిలో ఉంచుకున్నాడు, ఉద్యమం మీద దెబ్బ వాడి షాపులోంచే పడింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అదే నన్ను నిలబడనివ్వలేదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర నల్లగొండ బత్తాయి లారీలు రోడ్డు పక్కన ఆగిపోయి ఉన్నాయి. మగ్గిన పండ్ల వాసన. ఎల్‌బీనగర్ చౌరస్తాలో నిన్నటి పొయ్యిల తాలూకు నల్లటి మచ్చలు తారు మీద అలాగే ఉన్నాయి. లెక్కపెట్టాను. తొమ్మిది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాను కానీ తినడం లేదు. అమ్మకు విషయం చెప్పాను. "మనకెందుకు నాన్నా ఈ గొడవలు. నాలుగు రోజులు కొట్టు మూసి ఇంట్లో కూర్చో. వాళ్ళే మర్చిపోతారు" అంది. కూర వడ్డిస్తూ, "ఆ కండక్టరు గారబ్బాయి సంగతేంటి మరి?" అని తనే అడిగింది. నాలుగున్నరకు రిజిస్టర్‌ని పాలిథిన్ కవర్‌లో పెట్టుకుని, నెట్ డాంగిల్ పెట్టిన లాప్‌టాప్ భుజానికి తగిలించుకుని బయల్దేరాను.

కర్మన్‌ఘాట్‌లో మూతపడి ఉన్న ఒక ప్రైవేటు స్కూల్ ఆవరణ. నలభై మంది దాకా ఉన్నారు. మధ్యలో కుర్చీలో రంగయ్య సార్. సర్కారు బడి హెడ్మాస్టరు, ఆయనా సమ్మెలోనే ఉన్నారు. భిక్షపతి ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఎవరూ నిలబడలేదు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఐపీ, ఏడో నంబర్, పై వరుస, అన్నీ చెప్పాను. టెక్నికల్ మాటలు ఎక్కువయ్యాయని నాకే తెలుస్తోంది. ఎవరి మొహంలోనూ ఏ మార్పూ లేదు. నర్సింహ లేచాడు.

"గివన్ని కతలు. నా ఐడీ గూడ నువ్వే తెరిచినవ్. నేను చెప్పకుండ నా అకౌంట్ తెరువు, చూస్త."

"తెరవనా? అందరి ముందు?"

"తెరువంటున్న గద."

రిజిస్టర్ రంగయ్య సార్ చేతికిచ్చాను. నర్సింహ వరుస ఎక్కడుందో వెతికి, ఫోన్ నంబర్ చివరి నాలుగు అంకెలు పైకి చదవమన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. పేరులో నాలుగు అక్షరాలు, ఆ నాలుగు అంకెలు కొట్టి లాప్‌టాప్ అందరి వైపూ తిప్పాను. నర్సింహ మెయిల్ తెరుచుకుంది. తెర నిండా పెళ్ళి సంబంధాల సైటు నుంచి వచ్చిన మెయిళ్ళు.

ఎవరో ముందు పక్కున నవ్వారు. "ఉద్యమం అయ్యేదాక పెండ్లి చేస్కోనంటివి గదరా" అని ఇంకొకరు. నేను గబుక్కున మూత వేసేశాను. నర్సింహ నవ్వలేదు. మూసిన లాప్‌టాప్ వంక చూస్తూ, "నా ఇంటి తాళం ఇన్ని దినాలు నీ కాడనే ఉన్నదా" అన్నాడు, నెమ్మదిగా. నవ్వులు ఆగిపోయాయి.

"నీదొక్కటే కాదు. నేను ఐడీ తెరిచిన అందరివీ. నా దగ్గర ఉన్నాయని నేనే అనుకోలేదు. మార్చుకోమని ఎవరికీ చెప్పలేదు. భిక్షపతన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నా రిజిస్టరే."

వెనక నుంచి ఒక గొంతు, ఈని సెంటర్ మూయిస్తే అయిపాయె అంది. ఇంకొక గొంతు, పంపినోడు కూడ ఈడే కావచ్చు అంది. దానికి నా దగ్గర రుజువేమీ లేదు. ఆరున్నరకు నేను బ్యాటరీల దగ్గరున్నానని చెప్పడానికి సాక్షి బ్యాటరీలే. రంగయ్య సార్ చాలాసేపు రిజిస్టర్ పేజీలు తిప్పారు.

"చేసినోడైతే గీ బుక్కు తెచ్చి నా చేతుల పెట్టడు" అన్నారు చివరికి. తర్వాత నన్ను చూసి, "ఇందుల ఎంతమంది ఉన్నరు బిడ్డా, నువ్వు ఐడీలు తెరిచినోళ్ళు?"

"నాలుగొందలు దాటతారు సార్."

"అందరికి నీ నోటితోనే చెప్పు. తప్పు నాదని చెప్పి మరీ చెప్పు. అది అయ్యేదాక సెంటర్ తెరువకు." భిక్షపతి వైపు తిరిగి, "రేపటి ప్రోగ్రాం రాయి పో. నీ అకౌంట్‌ల నువ్వే రాయి" అన్నారు.

భిక్షపతి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పొద్దున పెట్టిన పాస్‌వర్డ్ కూడా నేను కొట్టిందే, అది మార్చాలి. నేను లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. వెనక అతను ఒంటివేలితో ఒక్కొక్క అక్షరం కొడుతున్నాడు. టక్కు, టక్కు.

"అయింది తమ్మీ. మంచిగ పొడుగు పెట్టిన."

"పదమూడు" అన్నాను. అనాలని అనలేదు. వచ్చేసింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత భిక్షపతే నవ్వాడు, మూడు రోజుల్లో మొదటిసారి. "ఈడు గోడ దిక్కు చూసి గూడ లెక్కపెడుతుండురా. నర్సింహా, నినాదం ఇయ్యి." నర్సింహ గొంతెత్తి అందుకున్నాడు. నలభై మంది జై తెలంగాణ అని హోరెత్తిస్తుంటే ఆ హోరులో భిక్షపతి మళ్ళీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, రికవరీ గడిలో నా చిరునామా తీసేశాడు. ఈసారి నాకు ఒక్క టక్కూ వినిపించలేదు. ఆ తర్వాత నా దగ్గర ఐడీ తెరిచిన ప్రతి ఒక్కరూ వరుసగా కూర్చున్నారు. ఒకరు మార్చుకుంటుంటే మిగతావాళ్ళు నినాదాలు. నేను పన్నెండో ఎక్కం ముందు నిలబడి ఉన్నాను. చీకటి పడకముందే అందరివీ అయిపోయాయి. బయట రోడ్డున పోయేవాళ్ళు లోపల పెద్ద సభ జరుగుతోందనుకుని ఉంటారు.

మర్నాటి నుంచి షట్టర్ వెనక కూర్చుని ఫోన్లు. భిక్షపతి తోడొచ్చాడు. "నీ మాట ఇని మావోళ్ళు కట్ చేస్తరు. మొదలు నేను అందుకుంట" అని, నంబర్ కలిపి, సంగతి చెప్పి ఫోన్ నాకిచ్చేవాడు. ఒంగోలు, గుంటూరు వాళ్ళకు నేనే చేసుకున్నాను. అందరి ప్రశ్నా ఒకటే: నా పాస్‌వర్డ్ నీకెలా తెలుసు? ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవాణ్ణి. కొందరు తిట్టారు. ఒకాయన "అయితే నువ్వే మార్చేసి చెప్పు బాబూ, నాకు రాదు" అన్నాడు. ఆయన్ని పక్కింటి కుర్రాడి సాయంతో మార్చుకోమని చెప్పబోయి, అదే తప్పు మళ్ళీ చేస్తున్నానని తెలిసి, నలభై నిమిషాలు ఫోన్‌లో ఉండి ఆయన చేతే చేయించాను.

వాళ్ళందరికీ చెప్పినవి ఇప్పటికీ చెప్తాను. అకౌంట్ ఎవరు తెరిచిపెట్టినా పాస్‌వర్డ్ మీ వేళ్ళతోనే పెట్టుకోండి, తెరిచినవాణ్ణి అటు తిరగమనండి. మెయిల్‌కీ సోషల్ అకౌంట్‌కీ ఒకటే పెట్టకండి. రికవరీ గడిలో ఎవరి చిరునామా ఉందో ఒకసారి వెళ్ళి చూడండి. చాలామంది జీవితంలో చూడరు. పాస్‌వర్డ్ పోతే అడిగే రహస్య ప్రశ్నకు సొంత ఊరో, అమ్మ పుట్టింటి పేరో జవాబుగా ఇవ్వకండి. మన దగ్గర అవి శుభలేఖ మీద అచ్చు వేస్తాం. ఫోన్‌కి వచ్చే కోడ్ అడిగే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి, సిమ్ మార్చినప్పుడు అక్కడా మార్చండి. అకౌంట్‌ని ఎక్కణ్ణుంచి తెరిచారో చూపించే పట్టిక నెలకోసారైనా తెరవండి.

ఇవన్నీ చెప్పడం తేలిక. ఆ కేసు నాకు నేర్పింది వేరే. నేను చెడ్డవాణ్ణి కాదు కాబట్టి నా చేతిలో ఉన్నది భద్రంగా ఉన్నట్టే అనుకున్నాను. వేరేవాళ్ళ తాళం నా దగ్గర ఉండటమే తప్పు. నేనెలాంటివాణ్ణన్నది తర్వాతి సంగతి.

పన్నెండో రోజున సెంటర్ తెరిచాను. కౌంటర్ మీద రిజిస్టర్ బదులు విడి కాగితాలు, ఒక్కో మనిషికి ఒక్కోటి, రాసి మూత ఉన్న పెట్టెలో వెయ్యాలి. కానిస్టేబుల్ ఈసారి మెచ్చుకోలేదు. కానీ ఏమీ అనలేదు.

ఫోన్లు చేసినప్పుడు ఒక కాగితం మీద మూడు గడులు గీసుకున్నాను. చెప్పాను, మార్చుకున్నారు. చెప్పాను, మార్చుకున్నారో లేదో తెలియదు. దొరకలేదు. మూడో గడిలో అరవై ఒక్క పేర్లు మిగిలాయి. సిమ్‌లు మార్చేసినవాళ్ళు, పరీక్ష రాసి ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు.

ఆ సెంటర్ మూసేసి చాలా కాలమైంది. రాష్ట్రం వచ్చింది. భిక్షపతికి ఉద్యోగం వచ్చింది. సెంటర్ మెయిల్ మాత్రం నేను మూయలేకపోయాను. మూస్తే రేపెప్పుడైనా ఆ చిరునామా ఇంకొకరి చేతికి పోదని నాకు నమ్మకం లేదు. పోతే కనీసం ఆ అరవై ఒక్క ఇళ్ళ తాళాలు వాళ్ళవే. అందుకని రోజూ పొద్దున దాన్ని తెరిచి చూసి మూస్తుంటాను.

ఎప్పుడైనా ఒకసారి అందులో ఒక మెయిల్ వచ్చి ఉంటుంది. ఫలానా అకౌంట్ పాస్‌వర్డ్ మార్చుకోవడానికి ఈ లింక్ నొక్కండి. అంటే ఎక్కడో ఎవరో తెర ముందు కూర్చుని, ఆ లింక్ తమకు వస్తుందని చూస్తున్నారు. అది అసలు మనిషో, ఏడో నంబర్ ముందు కూర్చున్నలాంటి మనిషో నాకు తెలియదు. పాత రిజిస్టర్ తీసి ఆ పేరు పక్కనున్న నంబర్‌కి ఫోన్ చేస్తాను. ఈ నంబర్ వాడుకలో లేదని వినిపిస్తుంది. లింక్ నొక్కను. దాని గడువు ముగిసేదాకా ఆ రోజు ఏ పనీ సరిగ్గా చెయ్యలేను.